వేగమున్నా ఆగి ఉన్న మిషన్: ఒక చిన్న కార్ఖానాలో సీఎన్‌సీ లేత్ కుదురుకున్న తీరు

పాత లేత్‌ల (లోహపు ముక్కను తిప్పుతూ కోసే మిషన్ల) నుంచి సీఎన్‌సీకి, అంటే కంప్యూటర్ ప్రోగ్రామ్‌తో నడిచే మిషన్లకు, మారే చిన్న కార్ఖానాలకు సలహా ఇవ్వడం నా వృత్తి. ఇక్కడ చెప్పబోయే కార్ఖానా ఆనవాలు దొరకకుండా పేరు, ఊరు, కొనుగోలుదారుల వివరాలు వదిలేశాను. విడిభాగాల ఆకారాలు కొంత మార్చాను, లెక్కలను గుండ్రం చేశాను. ఎన్నో కేసులుండగా దీన్నే ఎంచుకోవడానికి ఒక కారణం ఉంది. ఇక్కడ మిషన్ మంచిది, ఆపరేటర్ పనిమంతుడు, ఆర్డర్లకు కొదవ లేదు. అయినా మిషన్ నడిచిన గంటల కంటే ఆగిన గంటలే ఎక్కువ. తప్పు ఎవరి మీదా నెట్టే వీలు లేనప్పుడే అసలు కారణం దాకా వెళ్లక తప్పదు.

నేపథ్యం

తండ్రి మొదలుపెట్టగా కొడుకు నడుపుతున్న కార్ఖానా అది. కొన్ని సాధారణ లేత్‌లు, ఒక మిల్లింగ్ మిషన్, ఒక గ్రైండర్ ఉన్నాయి. పిన్నులు, బుష్‌లు (లోపల రంధ్రమున్న గొట్టం ముక్కలు), స్పేసర్లు, పొట్టి షాఫ్టులు చేస్తారు. రెండు మూడు ఐటంలు మాత్రం ప్రతి నెలా వందల్లో పోతాయి. మిగతావన్నీ పది, ఇరవై, యాభై ముక్కల చిన్న బ్యాచ్‌లు. పెద్ద కొనుగోలుదారు ఒకరు కొలతల్లో నిలకడ కావాలని పట్టుబట్టడంతో అప్పు చేసి ఎనిమిది టూళ్ల టరెట్ (టూళ్లను తిప్పి ముందుకు తెచ్చే పీట) ఉన్న సీఎన్‌సీ లేత్ కొన్నారు.

కొన్న రోజు నుంచీ యజమాని మనసులో ఒక లెక్క స్థిరపడిపోయింది: సీఎన్‌సీ అంటే పెద్ద బ్యాచ్‌ల మిషన్, చిన్నవి పాత లేత్‌ల పని. చాలామంది ఇలాగే అనుకుంటారు. నిజానికి ఒకే ముక్కను లక్షల్లో తీయాలంటే క్యామ్‌లతో (కదలికలను నడిపే, ప్రత్యేకంగా కోసిన చక్రాలతో) నడిచే ఆటోమేటిక్ లేత్‌లు సీఎన్‌సీ పుట్టకముందు నుంచే ఉన్నాయి. 1952లో అమెరికాలోని ఎంఐటీలో చూపించిన తొలి అంకెల నియంత్రణ మిల్లింగ్ మిషన్ విమాన భాగాల కోసం తయారైంది. వాటి వంపులు కష్టం, సంఖ్య తక్కువ. క్యామ్ కోయించుకోనక్కర లేకుండా ప్రోగ్రామ్ మార్చి ఇంకో ముక్క మొదలుపెట్టవచ్చన్నదే ఈ మిషన్ల అసలు బలం. ఈ కార్ఖానాలో వాడుకోకుండా వదిలేసింది సరిగ్గా ఆ బలాన్నే.

వచ్చిన సమస్య

యజమాని నన్ను పిలిపించి అడిగిన ప్రశ్న సూటిగా ఉంది. "బార్ ఫీడర్ పెట్టించమంటున్నారండీ. పెడితే మిషన్ ఖాళీ తగ్గుతుందా?"

బార్ ఫీడర్ అంటే పొడవాటి కడ్డీని మిషన్‌లోకి తనే నెట్టే పరికరం. ముక్క ముక్కకూ మనిషి తలుపు తీసి కొత్త ముక్క బిగించే పని దానితో తప్పుతుంది. ఆ పనికి ఇక్కడ ఇరవై సెకన్లు పడుతోంది. ఇరవై ముక్కల బ్యాచ్‌లో మిగిలేది ఏడు నిమిషాల లోపు. పైగా బార్ వ్యాసం మారిన ప్రతిసారీ ఫీడర్‌కూ సెట్టింగ్ ఉంటుంది. వందల ముక్కలు ఒకే కడ్డీ నుంచి తీసేవాళ్లకు అది మంచి పెట్టుబడే. ఈ కార్ఖానాకు అవునో కాదో చెప్పాలంటే మిషన్ ఎందుకు ఆగుతోందో ముందు తెలియాలి. అందుకే జవాబు వాయిదా వేశాను.

మిషన్ తెర మీద కోత గంటలు కనిపిస్తూనే ఉంటాయి. కానీ అవి ఎంతసేపు నడిచిందో చెబుతాయే తప్ప ఎందుకు ఆగిందో చెప్పవు. ఆపరేటర్ దగ్గర ఒక నోటుపుస్తకం పెట్టి, ఆగిన ప్రతిసారీ కారణం రాయమన్నాం. మొదట్లో పేజీలకు పేజీలు "సెట్టింగ్" అన్న ఒక్క మాటతోనే నిండాయి. ఆ మాట వాడొద్దని చెప్పాల్సి వచ్చింది. జాస్ (ముక్కను పట్టే దవడలు) మార్చడం, టూళ్లు మార్చడం, ఆఫ్‌సెట్ (టూల్ మొన ఎక్కడుందో మిషన్‌కు చెప్పే కొలత) పట్టడం, మొదటి ముక్క సరిచేయడం, తనిఖీలో ఆ ముక్క మంజూరు కోసం ఎదురుచూడడం అని విడివిడిగా గడులు గీశాం. ఆరో గడి "వెతుకులాట". అది రాయడానికి ఆపరేటర్ సంకోచించాడు, తన మీదికి వస్తుందేమోనని. ఎవరినీ నిలదీయడానికి కాదని యజమాని చేత అతని ఎదుటే చెప్పించాకే ఆ గడి నిండడం మొదలైంది.

తేలిందేమిటంటే, మిషన్ కోస్తున్నది షిఫ్టులో మూడో వంతు. ఒక ఐటంలో ఆఖరి మంచి ముక్క దిగినప్పటి నుంచి తర్వాతి ఐటంలో మొదటి మంచి ముక్క దిగేదాకా సుమారు రెండు గంటలు పోతోంది. టూల్ బిగించే సమయం అందులో చిన్న వాటా. దాని హోల్డర్ (టూల్‌ను పట్టే పిడి), ఇన్సర్ట్ (కోసే మొన), స్పానర్ వెతికే సమయమే దానికంటే ఎక్కువ. అన్నిటికంటే పెద్ద గడి, మంజూరు కోసం ఎదురుచూడడం.

ఈ రెండు గంటల్ని పాత లేత్‌తో పోల్చి చూశాం. ఒక మామూలు పిన్నుకు పాత లేత్ మీద సెట్టింగ్ పదిహేను నిమిషాలు, ముక్కకు పన్నెండు నిమిషాలు. సీఎన్‌సీ మీద సెట్టింగ్ 120 నిమిషాలు, ముక్కకు నాలుగు. పది ముక్కలకు పాత లేత్ 135 నిమిషాల్లో ముగిస్తే సీఎన్‌సీకి 160 పడుతోంది. పదమూడు ముక్కల దగ్గర రెండూ సమానం. అంటే చిన్నవి పాత లేత్‌కే పంపాలన్న యజమాని తీర్పు, ఆ సెట్టింగ్ సమయంతో చూస్తే, న్యాయమైనదే. సెట్టింగ్‌ను నలభై నిమిషాలకు దించితే ఆ సమానపు గీత మూడు ముక్కల దగ్గరికి జారిపోతుంది. ఈ లెక్క కాగితం మీద చూసిన తర్వాత బార్ ఫీడర్ మాట ఆయనే పక్కన పెట్టారు.

అప్పటికే చేసి చూసినవి

నేను వెళ్లేసరికే ఆ కార్ఖానా చేతులు ముడుచుకుని కూర్చోలేదు. బొమ్మ నుంచి నేరుగా ప్రోగ్రామ్ తీసే సాఫ్ట్‌వేర్ ఒకటి కొన్నారు. ఇక్కడి ముక్కలకు ప్రోగ్రామ్ చేత్తో రాసినా ఇరవై నిమిషాల పని, అదీ మిషన్ వేరే ముక్క కోస్తుండగా రాసుకోవచ్చు. మిషన్‌ను ఆపుతున్నది ప్రోగ్రామ్ కానప్పుడు దాన్ని త్వరగా రాసి ఒరిగేదేమీ లేదు.

రెండోది, బ్యాచ్‌లు కలిపేయడం. ఇరవై ఆర్డరొస్తే వంద చేసి నిల్వ పెట్టారు. సెట్టింగ్ నష్టం తగ్గినట్టే కనిపించింది. అంతలో ఒక కొనుగోలుదారు డ్రాయింగ్‌లో గాడి వెడల్పు మార్చాడు. అరల నిండా ఉన్న ముక్కలు తుక్కు కింద పోయాయి. ఇది పద్ధతిలోనే ఉన్న లోపం, దురదృష్టం కాదు. సెట్టింగ్ ఖర్చును నిల్వ ఖర్చుగా మార్చుకుంటే, ఆ నిల్వ మీద పెత్తనం కొనుగోలుదారు చేతికి పోతుంది.

మా మొదటి అడుగులు, వాటి ఫలితం

లోహాన్ని నొక్కి ఆకారమిచ్చే ప్రెస్సుల్లో అచ్చు (డై) మార్పిడి సమయాన్ని తగ్గించడం మీద జపాన్ ఇంజనీరు షిగెయో షింగో చేసిన కృషి ఈ రంగంలో అందరికీ తెలిసిందే. మిషన్ ఆగి ఉన్నప్పుడే చేయగల పనులు వేరు, అది నడుస్తుండగా పక్కన చేసుకోగలవి వేరు. ముందు వాటిని విడదీయాలి, తర్వాత మొదటి రకాన్ని వీలైనంత రెండో రకంలోకి నెట్టాలి. ఆలోచన ఇంతే. మేమూ అక్కడే మొదలుపెట్టాం. ఒక తోపుడు బండి మీద తర్వాతి ఐటంకు కావలసిన జాస్, హోల్డర్లు, ఇన్సర్ట్‌లు, గేజీలు, డ్రాయింగ్ ముందే సర్దిపెట్టాలి. ప్రతి ఐటంకు ఒక సెట్టింగ్ షీట్ ఉండాలి.

బండి పని చేసింది, షీట్లు చేయలేదు. వాటిని ఆఫీసులో కూర్చుని ప్రోగ్రామర్ రాశాడు. ఏ టూల్ ఎక్కడ, ముక్క ఎంత బయటికి, జాస్ పట్టే ఒత్తిడి ఎంత అని చక్కగా ఉన్నాయి. కానీ అవి ఎలా జరగాలో చెప్పే షీట్లు, కిందటిసారి ఎలా జరిగిందో కాదు. మిషన్ దగ్గర ఆపరేటర్ వణుకు తగ్గించడానికి వేగం మార్చాడు, కోతలో వచ్చే లోహపు చుట్టలు తెగకపోతే ఫీడ్ (ఒక చుట్టుకు టూల్ జరిగే దూరం) పెంచాడు. ఆ సవరణలు మిషన్‌లోని ప్రోగ్రామ్‌లోనే ఉండిపోయి, తర్వాతిసారి ఆఫీసు నుంచి పాత ప్రోగ్రామ్ ఎక్కించగానే చెరిగిపోయాయి. అదే వణుకు, అవే చుట్టలు, అదే సవరణ. నెల తిరిగేసరికి షీట్లు చూడడం మానేశారు. మానేసినందుకు నేను వాళ్లను తప్పుపట్టను.

ఇంకో చిక్కు జీతంలో ఉంది. ఆపరేటర్‌కు తీసిన ముక్కల లెక్కన అదనపు చెల్లింపు ఉండేది. సెట్టింగ్ తగ్గితే వచ్చేవి ఇంకా చిన్న బ్యాచ్‌లు. పని కష్టం, ముక్కలు తక్కువ, చేతికొచ్చేది తక్కువ. అతను పెద్ద బ్యాచ్‌ను నెమ్మదిగా సాగదీసి చిన్నదాన్ని రేపటికి నెట్టడంలో వింతేముంది? అదనపు చెల్లింపును ముక్కల నుంచి తప్పించి, చెప్పిన తేదీకి పూర్తయిన ఆర్డర్లకు ముడిపెట్టాలన్నాను. ప్రోగ్రామర్, తనిఖీ చేసే వ్యక్తి, ఆపరేటర్ ముగ్గురికీ కలిపి. తనిఖీ వ్యక్తిని చేర్చడం కావాలని చేసిన పని. మంజూరు ఆలస్యం వల్ల అంతవరకూ ఆయన జేబుకు చిల్లు పడలేదు మరి. యజమాని ఒప్పుకోవడానికి కొంత కాలం పట్టింది.

వెనక్కి వచ్చిన బుష్‌లు

కథ మలుపు తిరిగింది ఒక ఫిర్యాదుతో. పలుచని గోడ ఉన్న బుష్‌ల బ్యాచ్ ఒకటి వెనక్కి వచ్చింది, లోపలి రంధ్రంలో ప్లగ్ గేజ్ (రంధ్రం కొలత చూసే గుండ్రని కడ్డీ) దూరడం లేదని. ఇక్కడ రెండు మొనల బోర్ గేజ్‌తో కొలిస్తే ఎటు తిప్పినా కొలత సరిగ్గానే ఉంది. ప్రోగ్రామర్, ఆపరేటర్, తనిఖీ వ్యక్తి ముగ్గురూ కొనుగోలుదారు గేజ్ అరిగిపోయి ఉంటుందన్నారు. అరిగిన ప్లగ్ గేజ్ సన్నబడుతుంది, ఇంకా తేలిగ్గా దూరాలి కదా అని నేను అంటుండగా, పాత లేత్ దగ్గరి పెద్ద టర్నర్ వచ్చి ఒక బుష్ తీసుకున్నారు. సీఎన్‌సీ వచ్చినప్పటి నుంచి ఆయన ఆ వైపు తొంగి చూసింది లేదు.

ఆయన బుష్ బయటి అంచును వేళ్ల మధ్య తిప్పి చూసి, జాస్ ఆనిన మూడు చోట్ల ఉన్న సన్నని గుర్తులు చూపించారు. "గట్టిగా పిండి కోశారండీ. వదలగానే అది తన ఆకారానికి పోయింది" అన్నారు. జరిగింది అదే. మూడు జాస్ పట్టు కింద పలుచని గోడ లోపలికి నొక్కుకుంటుంది. ఆ స్థితిలో రంధ్రాన్ని గుండ్రంగా కోస్తాం. పట్టు వదలగానే గోడ వెనక్కి లేస్తుంది, రంధ్రం మూడు బుంగల ఆకారానికి మారుతుంది. ఇలాంటి ఆకారానికి ఒక వైపు ఎత్తు ఉంటే దానికి సరిగ్గా ఎదురుగా పల్లం ఉంటుంది. అందుకే రెండు మొనల గేజ్ ఎటు తిప్పినా ఒకే వ్యాసం చూపిస్తుంది. ప్లగ్ గేజ్ మాత్రం దూరదు. మూడు మొనల గేజ్ తెప్పించి కొలిస్తే తేడా బయటపడింది.

ఆయన చెప్పిన మందు కూడా పాతదే. బుష్ బయటి వ్యాసానికి సరిపడేలా సాఫ్ట్ జాస్‌ను (కోసి ఆకారం ఇవ్వగల మెత్తని జాస్‌ను), ముక్కను పట్టే ఒత్తిడిలోనే, ఒక రింగు బిగించి కోయాలి. అప్పుడు జాస్ మూడు బిందువుల దగ్గర కాక, చుట్టంతా చేయి వేసినట్టు పడతాయి. ఆ పైన ఒత్తిడి తగ్గించాలి, ఆఖరి కోతకు ముందు ఒకసారి పట్టు సడలించి మళ్లీ పట్టాలి. తర్వాతి బ్యాచ్‌లో ప్లగ్ గేజ్ దూరింది.

దీన్ని నేను విజయగాథగా రాయడం లేదు. నాకు ముఖ్యమనిపించింది వేరే సంగతి. మిషన్ తెచ్చినప్పుడు ప్రోగ్రామ్ రాయగల కుర్రవాడికి పని అప్పగించి, పట్టడం తెలిసిన మనిషిని పక్కన పెట్టారు. టర్నర్లందరికీ కోడ్ నేర్పాలన్న ప్రయత్నం కూడా జరిగింది, అది వెనకడుగు వేసింది. పెద్ద టర్నర్‌కు కోడ్ నేర్చుకోవాలన్న కోరిక లేదు, అవసరమూ లేదు. ఆయనకు సాఫ్ట్ జాస్ బాధ్యత ఇవ్వమన్నాను. ముక్కను ఎలా పట్టాలో ఆయన నిర్ణయం, ఎలా కోయాలో ప్రోగ్రామర్ నిర్ణయం. ఆపరేటర్‌కు ఇద్దరి సంతకాలూ కావాలి. ఎవరి పరిధి ఎంతో గీసి ఇవ్వడంతో, సాయం అడగడం చిన్నతనంగా అనిపించడం పోయింది.

కుదిరినవి

మొదట ముక్కల్ని పట్టే తీరును బట్టి గుంపులు కట్టాం. డ్రాయింగ్ నంబరు ప్రకారం చూస్తే వందకు పైగా ఐటంలు. పట్టే వ్యాసం, పొడవు, గోడ మందం ప్రకారం చూస్తే పట్టుమని పది గుంపులు. ఒక్కో గుంపుకు ఒక సెట్టు సాఫ్ట్ జాస్. ప్రతి జా మీద నంబరు, చక్‌లో (జాస్‌ను పట్టుకుని ముక్కను తిప్పే భాగంలో) ఏ పంటి మీద కూర్చోవాలో గుర్తు. తిరిగి బిగించాక తేలికపాటి కోత ఒకటి వేయాల్సిందే. కానీ అది కొత్త జాస్ కోసే దానిలో చిన్న భాగం.

రెండోది, టరెట్‌లో ఎనిమిది స్థానాల్లో ఆరింటిని కదల్చకూడదన్న నియమం. బయటి మొరటు కోత, నునుపు కోత, గాడి, మర, డ్రిల్, బోరింగ్ బార్. మిగతా రెండు మాత్రమే ఐటంను బట్టి మారతాయి. ప్రోగ్రామర్ దీనికి గట్టిగా అడ్డుచెప్పాడు. అతని వాదనలో పస ఉంది కాబట్టి ఇక్కడ ఇస్తున్నాను. కొన్ని ముక్కల మూలల్లో 0.5 మిల్లీమీటర్ల వంపు ఉంది. అందుకని నునుపు కోతకు ముక్కు వంపు (మొన గుండ్రనపు వ్యాసార్ధం) 0.4 ఉన్న ఇన్సర్ట్‌నే శాశ్వతంగా ఉంచాలి. ముక్కు చిన్నదైతే ఫీడ్ తగ్గించక తప్పదు. టూల్ ముక్క మీద వదిలే గీతల లోతు సుమారుగా ఫీడ్ వర్గాన్ని ముక్కు వంపుకు ఎనిమిది రెట్లతో భాగిస్తే వస్తుంది. 0.8 ముక్కుతో 0.2 ఫీడ్ వేస్తే ఆరు మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) చిల్లర. అదే నునుపు 0.4తో రావాలంటే ఫీడ్ 0.14కు దిగాలి. "ప్రతి ముక్కా నెమ్మదిస్తుంది సార్" అన్నాడు.

నెమ్మదిస్తుంది, ఎంత? నిమిషానికి 2500 చుట్లలో, వంద మిల్లీమీటర్ల పొడవుకు పన్నెండు సెకన్ల కోత పదిహేడు అవుతుంది. ఇరవై ముక్కలకు నష్టం రెండు నిమిషాల లోపు. టూల్ మార్చి, ఆఫ్‌సెట్ పట్టి, మళ్లీ కొలిచి సరిచేయడానికి అంతకు ఎన్నో రెట్లు పోతోంది. వందల్లో నడిచే ఐటంలకు లెక్క తిరగబడుతుంది కాబట్టి వాటికి 0.8 ముక్కు ఇన్సర్ట్‌ను ఖాళీగా ఉంచిన స్థానంలో పెట్టుకోవచ్చని రాజీ కుదిరింది. సైకిల్ సమయం పెరగడాన్ని ఒప్పుకోవడం మిషన్ అమ్మేవాళ్ల దగ్గర శిక్షణ పొందినవాళ్లకు చాలా కష్టం. వాళ్లకు చూపించేది ఎప్పుడూ ముక్కకు పట్టే సెకన్లే.

మూడోది మంజూరు. మొదటి ముక్కను ఆపరేటర్ తీసుకెళ్లి తనిఖీ గదిలో పెడితే, ఆ వ్యక్తి వీలు చూసుకుని కొలిచేవాడు. మిషన్ దగ్గరే కొలిచి వెంటనే మొదలుపెట్టమనడం తేలిక. కానీ అందులో ఒక గోతి ఉంది. ఉక్కు ఒక మీటరుకు, ఒక డిగ్రీకి పదకొండున్నర మైక్రాన్ల చొప్పున సాగుతుంది. 25 మిల్లీమీటర్ల షాఫ్టు గది కంటే ఇరవై డిగ్రీలు వేడిగా ఉంటే ఆరు మైక్రాన్ల దాకా లావుగా కనిపిస్తుంది. హెచ్6 అనే ప్రామాణిక ఫిట్‌కు ఆ వ్యాసం దగ్గర ఉన్న వెసులుబాటు మొత్తం పదమూడు మైక్రాన్లే. వేడి మీద 24.990 చూపి "బాగుంది" అనిపించిన ముక్క చల్లారాక 24.984కు దిగి, హద్దయిన 24.987ను దాటి తుక్కులో పడుతుంది. కాబట్టి బిగువైన కొలతలకు, ముక్కను మిషన్ పక్కనున్న కూలెంట్ తొట్టిలో చల్లార్చి, అక్కడే పెట్టిన మైక్రోమీటరుతో తనిఖీ వ్యక్తే వచ్చి కొలవాలి. మిగతా కొలతలకు ఆపరేటర్ సంతకం చాలు. ఏ కొలత ఏ రకమో డ్రాయింగ్ మీద రంగు గీతతో ముందే గుర్తుపెట్టారు. అన్ని కొలతలూ తనిఖీ గదిలోనే చూడాలన్న పాత పద్ధతి కంటే ఇది కఠినం, కాకపోతే కఠినం అవసరమైన చోటే కఠినం.

చివరగా సెట్టింగ్ షీట్లకు రెండో జన్మ. ఈసారి ఖాళీ షీట్ మిషన్ దగ్గర పెట్టి, బ్యాచ్ ముగిశాక నిజంగా నడిచిన వేగం, ఫీడ్, ఒత్తిడి, బయటికి ఉంచిన పొడవు ఆపరేటరే పెన్సిల్‌తో రాస్తాడు. జాస్‌తో ఉన్న ఫోటో ఒకటి దానికి అంటిస్తారు. మిషన్‌లోని ప్రోగ్రామ్ వెనక్కి ఆఫీసు కంప్యూటర్‌కు చేరేదాకా ఆ ఆర్డర్ పూర్తయినట్టు లెక్కలోకి రాదు. చెల్లింపు ఆర్డర్ల మీద కాబట్టి ఎవరూ గుర్తుచేయనక్కర లేకపోయింది.

ఫలితం, మిగిలినవి

మార్పిడి సమయం తెలిసిన ఐటంలకు నలభై నిమిషాల ఇటూ అటూ స్థిరపడింది. కొత్త ఐటం అయితే ఇప్పటికీ గంట దాటుతుంది. కోత వాటా షిఫ్టులో సగం పైకి వచ్చింది. పదిలోపు ముక్కల ఆర్డర్లు కూడా సీఎన్‌సీ మీదికి ఎక్కాయి. ఈ మార్పుకు పట్టింది రెండు అరల జాస్, కొన్ని అదనపు హోల్డర్లు, ఒక మూడు మొనల గేజ్, ఒక మైక్రోమీటర్.

అసలు పరీక్ష తర్వాత వచ్చింది. ఆపరేటర్ మంచి జీతం మీద వేరేచోటికి వెళ్లిపోయాడు. ఇలాంటప్పుడు చిన్న కార్ఖానాల్లో సీఎన్‌సీ నెలల తరబడి మూలన పడడం చూశాను. ఇక్కడ కొత్తవాడు షీట్ చూసి, పెద్ద టర్నర్ జాస్ అందిస్తుండగా, తొలి వారంలోనే తెలిసిన ఐటంలు తీశాడు. నెమ్మదిగా తీశాడు, కానీ సరిగ్గా తీశాడు.

ఇలాంటి మిషన్ కొనబోయే యజమానులతో ఇప్పుడు నేను మొదట చేయించే పని ఈ కేసు నుంచే వచ్చింది. కిందటి ఏడాది ఆర్డర్లలో ఒక్కో బ్యాచ్‌లో ఎన్ని ముక్కలున్నాయో వరసగా రాయిస్తాను. మిషన్ ఎంత వేగంగా కోస్తుందన్న ప్రశ్న దాని తర్వాతే. పెట్టుబడిలో హోల్డర్లకు, జాస్‌కు, కొలిచే పరికరాలకు విడిగా వాటా తీసిపెట్టమంటాను. అప్పు మొత్తం మిషన్‌కే పోతే వీటిని కొనడానికి ఎవరికీ చేయి రాదు. అలాగే పట్టడం తెలిసిన పాత టర్నర్ ఎవరో కనుక్కుని, మిషన్ దిగకముందే ఆయన పని ఏమిటో కాగితం మీద రాయిస్తాను.

ఒక చిక్కు మాత్రం ఈ కార్ఖానాలో తీరలేదు. డ్రాయింగ్ మారినప్పుడు పాత షీట్‌ను తీసేసే బాధ్యత ఎవరిదో ఇంకా తేలలేదు. ప్రోగ్రామర్ తనది కాదంటాడు, తనిఖీ వ్యక్తి తనకు ఆలస్యంగా తెలుస్తుందంటాడు. ప్రస్తుతానికి ఆర్డర్ తీసుకునే గుమస్తానే, మార్పు వచ్చిన రోజునే పాత షీట్ మీద అడ్డంగా ఎర్రగీత కొడుతున్నాడు. ఆయన సెలవు పెట్టిన రోజు ఎవరు కొట్టాలన్నది యజమానితో వచ్చే సమావేశంలో తేల్చాల్సి ఉంది.